మిగులు కళాఖండాలు ఎవరికి? మ్యూజియంల మధ్య ప్రాచీన వస్తువుల బదిలీపై సమీక్ష

పెద్ద మ్యూజియంలలో సందర్శకుల కంటపడేది అక్కడున్న సంపదలో చిన్న భాగమే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం లెక్క ప్రకారం దాని దగ్గర సుమారు 80 లక్షల వస్తువులున్నాయి. ప్రదర్శనలో ఉన్నవి దాదాపు 80 వేలు, అంటే నూటికి ఒకటి. తక్కినవి గోదాముల్లోని అరల్లో, పెట్టెల్లో ఉంటాయి. ఒకే రకం మట్టికుండలు వందల్లో, ఒకే రాజు నాణేలు వేలల్లో పోగుపడిన మ్యూజియంలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని తనకు అక్కర్లేదని ఒక మ్యూజియం తేల్చుకుని మరో మ్యూజియానికి ఇచ్చేయవచ్చా? ఇస్తే ఉచితంగానా, మార్పిడిగానా, ధర కట్టా? అక్కర్లేదని తేల్చే అధికారం ఎవరిది? పందొమ్మిదో శతాబ్దం నుంచి నలుగుతున్న ఈ ప్రశ్నలకు గత యాభై ఏళ్లలో డబ్బు, నైతికత, స్వదేశాల హక్కు కూడా తోడై చర్చ బాగా ముడిపడింది. ఆ ముడిని వరసగా విప్పి చూడడం ఈ సమీక్ష ఉద్దేశం.

బదిలీకి నాలుగు మార్గాలున్నాయి. ఉచితంగా అప్పగించడం, వస్తువుకు వస్తువు మార్చుకోవడం, అమ్మడం, దీర్ఘకాలానికి అరువివ్వడం. మొదటి మూడింటిలో యాజమాన్యం చేతులు మారుతుంది, వస్తువును అక్సెషన్ రిజిస్టర్ (సేకరణ నమోదు పుస్తకం) నుంచి తొలగిస్తారు. నాలుగోదానిలో వస్తువు మాత్రమే కదులుతుంది, హక్కు పాత చోటే ఉంటుంది. చర్చలో వచ్చే గందరగోళంలో చాలా భాగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే.

మిగులు ఎలా పుట్టింది

*తవ్వకాల పంపకం.* 1882లో అమేలియా ఎడ్వర్డ్స్ చొరవతో లండన్‌లో ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ ఏర్పడింది. దాని తవ్వకాలకు విరాళాలిచ్చిన మ్యూజియంలకు, పాఠశాలలకు, సంఘాలకు దొరికిన వస్తువుల్లో వాటా ముట్టేది. కైరో మ్యూజియం ముందుగా తనకు కావలసినవి ఎంచుకునేది. మిగిలినవి దేశం దాటేవి. ఈజిప్టులో బ్రిటిష్ తవ్వకాల నుంచి ఇలా వెళ్లిన వస్తువులు ఐదు ఖండాల్లో సుమారు 350 సంస్థలకు చేరినట్లు ఇటీవలి పరిశోధన లెక్కతేల్చింది. అక్కడ తవ్విన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ బృందం కుండల మీద, రాతి పాత్రల మీద సమాధి సంఖ్యను సిరాతో రాసేది. ఆ చిన్న అంకెల వల్లనే ఈ రోజు వేరువేరు దేశాల్లో ఉన్న రెండు కుండలు ఒకే మనిషి సమాధిలోవని గుర్తుపట్టగలుగుతున్నారు. అంకె చెరిగిపోయిన కుండకు వయసు ఉంటుంది, ఊరు ఉండదు. 1922లో టూటంఖామెన్ సమాధి దొరికాక పంపకంపై ఈజిప్టు పట్టు బిగించింది. 1983 నాటి చట్టం పురావస్తువుల వ్యాపారాన్ని నిషేధించి, పాత పద్ధతికి దాదాపుగా తెర దించింది.

*ఒకే మాదిరి ఫలకాలు.* 1845లో ఆస్టిన్ హెన్రీ లేయార్డ్ ఇరాక్‌లోని నిమ్రూద్‌లో అసీరియా రాజు రెండో అషుర్‌నాసిర్‌పాల్ రాజప్రాసాదాన్ని తవ్వాడు. గోడలనిండా రెక్కల దేవతామూర్తులు, వాటికి అడ్డంగా మళ్లీమళ్లీ అదే శాసనం. మంచివి బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాక మిగిలిన ఫలకాలను అమెరికా మిషనరీలు తమ దేశపు కళాశాలలకు పంపారు. 1851లో విలియమ్స్ కళాశాలకు చేరినవి మొదటివాటిలోవి. మోయడానికి వీలుగా ఫలకాలను ముక్కలు చేసి, వెనకవైపు రంపంతో కోసి పలచన చేశారు. కొన్ని అసీరియా ఫలకాలు ముంబయిలో నిలిచిపోయి, ఇప్పుడు ఛత్రపతి శివాజీ మహరాజ్ వాస్తు సంగ్రహాలయంలో ఉన్నాయి.

*టోకు కొనుగోళ్లు.* రోమ్‌లో మార్కీ కంపానా పోగుచేసిన ప్రాచీన సంపద అతడి అరెస్టు తర్వాత అమ్మకానికి వచ్చింది. 1861లో మూడో నెపోలియన్ అందులో 10,000కు పైగా వస్తువులు కొన్నాడు. లూవ్ర్ మ్యూజియం తనకు కావలసినవి ఉంచుకుంది, తక్కినవి ఫ్రాన్స్ ప్రాంతీయ మ్యూజియంలకు చెదిరిపోయాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో పండితుడు సాలమన్ రైనాక్ ఈ సేకరణ చరిత్ర రాస్తూ చెదిరినవాటి జాడలు వెతకవలసి వచ్చింది. సేకరణలోని ఇటలీ తొలినాటి చిత్రాలను మళ్లీ ఒకచోట చేర్చి ఆవిన్యాన్‌లోని పెటీ పలే మ్యూజియం తెరవడానికి 1976 దాకా పట్టింది. అమెరికాలో ఇలాంటి కథే సైప్రస్ వస్తువులది. అక్కడ అమెరికా కాన్సుల్‌గా పనిచేసిన చెస్నోలా తవ్వి పోగుచేసిన వేలాది వస్తువులను మెట్రోపాలిటన్ మ్యూజియం 1870లలో కొన్నది. పోగు మరీ పెద్దదని తర్వాత విడతలుగా వదిలించుకుంది. కొన్ని వేలు కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాయి, అక్కడ 1906 భూకంపం చాలావాటిని బద్దలు చేసింది. మరికొన్నింటిని 1928 వేలంలో జాన్ రింగ్లింగ్ కొని ఫ్లోరిడాలోని తన మ్యూజియానికి చేర్చాడు.

*అమరావతి దారి.* తెలుగు నేలకు ఈ చరిత్రతో సూటి సంబంధం ఉంది. అమరావతి మహాచైత్యం శిల్పాలను పద్దెనిమిదో శతాబ్దం చివర కాలిన్ మెకంజీ చూసినప్పటి నుంచీ అవి ఒక్కొక్క విడతగా ఊరు విడిచాయి. 1830 ప్రాంతంలో కొన్ని ఫలకాలు మచిలీపట్నం బజారులో ఒక అధికారి కట్టించిన దిబ్బకు అలంకారమయ్యాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి కొన్నేళ్లు ఆరుబయట ఎండకూ వానకూ నిలిచాయి. 1859లో 121 శిల్పాలు లండన్‌కు ఓడెక్కాయి. అక్కడ ఈస్టిండియా కంపెనీ ఇండియా మ్యూజియంలో సరైన చోటు లేక గోదాములో పడి ఉన్నవాటిని 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వెలుగులోకి తెచ్చాడు. ఇండియా మ్యూజియం మూతపడి దాని సేకరణను పంచిపెట్టినప్పుడు, 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం పాలయ్యాయి. ఒక మ్యూజియం మూతపడితే దాని సంపద మరో మ్యూజియానికి మారడం అంటే ఏమిటో అమరావతి శిల్పాల దారి చూపుతుంది. ఆ బదిలీల్లో ఏ దశలోనూ శిల్పాలు పుట్టిన ఊరి మాట ఎవరూ అడగలేదు.

*భారతదేశంలో పంపకాలు.* 1878 నాటి నిధినిక్షేపాల చట్టం కింద ప్రభుత్వానికి చేరిన నాణేలను మ్యూజియంల మధ్య పంచేవారు. 1947లో దేశ విభజన మరో పంపకం తెచ్చింది. మొహెంజొదారోలో దొరికిన పచ్చరాళ్లు, బంగారు బిళ్లల హారాన్నీ, కార్నీలియన్ పూసల వడ్డాణాన్నీ దారం తెంపి పూసలు లెక్కపెట్టి ఇండియా, పాకిస్తాన్‌లు సగం సగం పంచుకున్నాయి. సమంగా పంచడమే న్యాయం అనుకుంటే వస్తువు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. దీనికి ఎదురుగా నిలిచేది నాగార్జునకొండ. సాగర్ జలాశయంలో మునగబోయే లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో ప్రధాన భాగాన్ని జలాశయం మధ్య దీవి మీద నిలబెట్టి 1966లో మ్యూజియం తెరిచారు. అదే కాలంలో అస్వాన్ ఆనకట్ట కింద మునిగే నూబియా రక్షణకు సాయపడిన దేశాలకు ఈజిప్టు కృతజ్ఞతగా ఆలయాలనే బహూకరించింది. డెండూర్ ఆలయం న్యూయార్క్‌కు, డెబోద్ మాడ్రిడ్‌కు, టఫే లైడెన్‌కు వెళ్లాయి. ఆనకట్ట కిందికి వచ్చిన వారసత్వాన్ని ఒకచోట దగ్గరే ఉంచుకున్నారు, మరొకచోట దూరానికి పంపారు. ఈజిప్టు తన ఇష్టంతో ఇచ్చింది కాబట్టి ఆ ఆలయాల మీద వివాదం పెద్దగా లేదు.

చట్టాలు, నియమావళులు

నేటి విధానాలను స్థూలంగా నాలుగు రకాలుగా చూడవచ్చు.

ఫ్రాన్స్‌లో ప్రభుత్వ సేకరణలు అన్యాక్రాంతం కాకూడనివి. వస్తువును అమ్మడం గానీ ఇచ్చేయడం గానీ దాదాపు అసాధ్యం. కానీ 1801 నాటి షాప్తాల్ ఉత్తర్వు నుంచీ పారిస్ వస్తువులను ప్రాంతీయ మ్యూజియంలలో ఉంచే సంప్రదాయం ఉంది. హక్కు రాజ్యానిదే, చోటు మాత్రం మారుతుంది. ఇటలీ కూడా గోదాముల్లోని కళాఖండాలను వాటి సొంత ప్రాంతాల మ్యూజియంలకు తిరిగి పంపే పథకాన్ని 2021లో మొదలుపెట్టింది.

బ్రిటన్‌లో జాతీయ మ్యూజియంలను చట్టం కట్టడి చేస్తుంది. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం డూప్లికేట్‌లనూ, ఉంచడానికి తగనివాటినీ మాత్రమే వదులుకోవచ్చు. 1992 చట్టం జాతీయ మ్యూజియంల మధ్య బదిలీకి దారి ఇచ్చింది. ఇతర మ్యూజియంలకు మ్యూజియమ్స్ అసోసియేషన్ నియమావళి మార్గదర్శకం. దశాబ్దాల పాటు అది తొలగింపును గట్టిగా వ్యతిరేకించింది. 2005లో వెలువడిన నివేదికలో గోదాముల్లో నిద్రపోతున్న సేకరణల గురించి హెచ్చరించి, 2007లో బాధ్యతతో చేసే తొలగింపును ప్రోత్సహించే వైపు మళ్లింది. మొదటి ప్రాధాన్యం మరో గుర్తింపు పొందిన మ్యూజియానికి ఉచితంగా ఇవ్వడానికే.

అమెరికాలో మ్యూజియంలు ఎక్కువగా ధర్మకర్తల మండళ్ల కింద ఉన్నాయి. ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం నియమం ప్రకారం వస్తువు అమ్మితే వచ్చిన డబ్బుతో మళ్లీ కళాఖండాలే కొనాలి. కోవిడ్ కాలంలో, 2020లో, ఈ నియమాన్ని రెండేళ్లకు సడలించారు. 2022లో సేకరణల ప్రత్యక్ష సంరక్షణకూ ఆ డబ్బు వాడుకునేలా శాశ్వతంగా మార్చారు.

నెదర్లాండ్స్ తొలగింపుకు దేశమంతటికీ ఒకే మార్గదర్శిని రూపొందించింది. ముందు ఇతర మ్యూజియంలకు చెప్పాలి, బహిరంగంగా ప్రకటించాలి, ఆ తర్వాతే మరో దారి చూడాలి. అంతర్జాతీయ మ్యూజియం మండలి నియమావళి కూడా తొలగించే వస్తువును మొదట మరో మ్యూజియానికి ఇవ్వజూపడమే మేలంటుంది.

ఈ నాలుగింటికీ వెలుపల, భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ఎగుమతినీ, నమోదునూ నియంత్రిస్తుంది. మ్యూజియం ఏ వస్తువును మిగులుగా తేల్చవచ్చో, ఎవరికి అప్పగించవచ్చో చెప్పే దేశవ్యాప్త విధానం మాత్రం పైదేశాల స్థాయిలో ఎదగలేదు. ఇక్కడ బదిలీ కంటే బలమైన సంప్రదాయం స్థల మ్యూజియం. 1910లో తెరిచిన సారనాథ్ మ్యూజియం నుంచి కొండాపూర్, అమరావతి, నాగార్జునకొండ దాకా దొరికినచోటే ఉంచాలన్న సూత్రం పురావస్తు శాఖ ఆచరణలో ఉంది.

నాలుగు పక్షాలు

*సంరక్షణవాదులు.* ఏదీ మిగులు కాదన్నది వీరి వాదం. నేటి క్యూరేటర్‌కు ఒకేలా కనిపించే రెండు వస్తువుల్లో రేపటి పరిశోధకుడు తేడా పట్టవచ్చు. నాణేలు దీనికి మంచి సాక్ష్యం. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో క్షహరాత రాజు నహపానుడి వెండి నాణేలు 13,000కు పైగా దొరికాయి. ఒకటీ రెండూ నమూనాగా ఉంచుకుని తక్కినవి డూప్లికేట్‌లని వదిలేసి ఉంటే పోయేది ఏమీ లేదనిపిస్తుంది. కానీ వాటిలో మూడింట రెండు వంతులకు పైగా నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించాడు. నహపానుడిపై శాతకర్ణి విజయం ఎంత విస్తృతమైనదో చెప్పే ఆధారం ఆ నిష్పత్తిలోనే ఉంది. ఆ సాక్ష్యం ఏ ఒక్క నాణెంలోనూ లేదు, మొత్తం కుప్పలో ఉంది.

*ప్రసరణవాదులు.* గోదాములో ఎవరూ చూడని వస్తువు ఉన్నా లేనట్టే అన్నది వీరి మాట. అరలు, ఉష్ణోగ్రత నియంత్రణ, సిబ్బంది, బీమా ఖర్చు ఏటేటా పెరుగుతుంది. ఆ భారం కింద ముఖ్యమైనవాటి సంరక్షణే కుంటుపడుతుంది. రాజధానిలో నూరోదిగా పడి ఉన్న కుండ జిల్లా మ్యూజియంలో ఒకే ఒక్కటిగా నిలిచి బడిపిల్లలకు ప్రాచీన చరిత్ర చెప్పగలదు. చెల్లాచెదురుగా ఉండడమే ఒక రక్షణ అని కూడా వీరు చూపుతారు. 2015లో ఐసిస్ ఉగ్రవాదులు నిమ్రూద్ ప్రాసాదాన్ని పేల్చివేసినప్పుడు, లోకమంతటా చెదిరిన ఫలకాలే ఆ గోడల రూపాన్ని మిగిల్చాయి.

*ప్రజాక్షేత్రవాదులు.* వస్తువు మారవచ్చు, కానీ ప్రజల చేతుల్లోంచి జారకూడదు అన్నది వీరి నియమం. మ్యూజియం నుంచి మ్యూజియానికి వెళ్లడం వేరు, వేలం గది ద్వారా అజ్ఞాత కొనుగోలుదారుడికి వెళ్లడం వేరు. అమ్మకం మొదలైతే సేకరణ బ్యాంకు ఖాతాగా మారిపోతుందనీ, దాతలు నమ్మకం కోల్పోతారనీ వీరి భయం.

*స్వస్థలవాదులు.* ఇతరులు మిగులు అంటున్నది మొదట ఎవరిదన్న ప్రశ్న వీరిది. వలసకాలంలో తరలిన వస్తువును ఒక పాశ్చాత్య మ్యూజియం మరో పాశ్చాత్య మ్యూజియానికి అప్పగించడం అన్యాయాన్ని మరొక చేతికి మార్చడమేనంటారు. తొలగించే ప్రతి వస్తువునూ ముందుగా పుట్టిన దేశానికి, సమాజానికి ఇవ్వజూపాలన్నది వీరి డిమాండ్.

మొదటి రెండు పక్షాల మధ్య తేడా వస్తువు విలువ గురించి. తర్వాతి రెండింటి తేడా ప్రజలు అంటే ఎవరన్న దాని గురించి. ఒక పక్షం మ్యూజియం ఉన్న దేశపు ప్రజలను తలుచుకుంటే, మరొకటి వస్తువును తయారుచేసిన ప్రజలను తలుస్తుంది.

ఆచరణలో ఐదు ఘట్టాలు

*బెనిన్ డూప్లికేట్‌లు.* 1897లో బ్రిటిష్ సైన్యం నేటి నైజీరియాలోని బెనిన్ రాజప్రాసాదాన్ని దోచి తెచ్చిన ఇత్తడి ఫలకాలు వందల్లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 1950 నుంచి 1970ల తొలినాళ్ల దాకా వాటిలో ముప్పైకి పైగా డూప్లికేట్‌లన్న పేరుతో అమ్మారు లేదా మార్పిడి చేశారు. కొన్ని లాగోస్‌లో కొత్తగా ఏర్పడుతున్న మ్యూజియం కోసం నైజీరియా కొన్నది. కొన్ని వ్యాపారుల చేతుల్లో పడ్డాయి. ఒకే దృశ్యం ఉన్న ఫలకాలు ప్రాసాద స్తంభాలపై జంటలుగా అమరినవన్నది తర్వాతి పరిశోధకుల అభిప్రాయం. అంటే మిగులుగా తీసేసింది జంటలో రెండో సగం. నైజీరియా తన వారసత్వాన్ని తానే డబ్బిచ్చి కొనవలసి రావడం ఈ ఘట్టంలో మరింత బాధాకరం.

*మెట్రోపాలిటన్ నాణేలు.* 1972లో మెట్రోపాలిటన్ మ్యూజియం యూఫ్రోనియస్ చిత్రించిన ప్రాచీన గ్రీకు పాత్రను పది లక్షల డాలర్లకు కొన్నది. ఆ ఖర్చు కోసం తన ప్రాచీన నాణేల సేకరణను జ్యూరిక్‌లో అమ్మింది. పాత్ర ఇటలీలో దొంగ తవ్వకాల్లో బయటపడిందని తర్వాత తేలి 2008లో అక్కడికే తిరిగి వెళ్లింది. మ్యూజియం దగ్గర చివరికి పాత్రా మిగలలేదు, నాణేలూ మిగలలేదు.

*హరాగే నిధి.* 1913-14లో పెట్రీ బృందం ఈజిప్టులోని హరాగేలో తవ్వితీసిన సమాధి వస్తువుల్లో ఒక భాగం, విరాళం ఇచ్చినందుకు, అమెరికాలోని సెయింట్ లూయిస్ పురావస్తు సంఘానికి దక్కింది. సుమారు 3,900 ఏళ్ల నాటి వెండి గవ్వలు, లాకెట్లు అందులో ఉన్నాయి. 2014లో సంఘం వాటిని లండన్ వేలానికి పెట్టింది. తవ్వకాలకు విరాళమిచ్చినవారికి వాటా ఇచ్చింది ప్రజల కోసమేనంటూ పండితులు అభ్యంతరం చెప్పారు. వేలానికి ముందే మెట్రోపాలిటన్ మ్యూజియం నిధిని కొనడంతో అది ప్రజాక్షేత్రంలో నిలిచింది.

*సెఖెంకా విగ్రహం.* అదే ఏడాది నార్తాంప్టన్ పురపాలక మ్యూజియం ఈజిప్టు లేఖకుడు సెఖెంకా సున్నపురాయి విగ్రహాన్ని క్రిస్టీస్‌లో 1.57 కోట్ల పౌండ్లకు పైగా ధరకు అమ్మింది. సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ విగ్రహంలో సెఖెంకా ఒళ్లో పత్రం పరుచుకుని కూర్చుంటే, అతడి కాలి దగ్గర భార్య చిన్న రూపంలో ఒదిగి ఉంటుంది. ఈజిప్టు నిరసన తెలిపింది. మ్యూజియం ప్రభుత్వ గుర్తింపు కోల్పోయింది. కొన్నది ఎవరో బయటికి రాలేదు. ఒకే సంవత్సరంలో జరిగిన ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెడితే ప్రజాక్షేత్రవాదుల ఆందోళన దేని గురించో స్పష్టమవుతుంది. రెండుచోట్లా అమ్మకమే జరిగింది. ఒకటి మ్యూజియానికి చేరింది, రెండోది కనుమరుగైంది.

*డెల్ఫ్ట్ సేకరణ.* నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో నుసంతర మ్యూజియం 2013లో మూతపడింది. దాని 18,000 వస్తువులు ఎక్కువ భాగం ఇండోనేషియావి. కొన్ని దేశంలో ఉంచుకుని తక్కినవి ఇండోనేషియాకు ఇవ్వజూపారు. ఆ దేశం మొత్తం తీసుకోకుండా, తన సేకరణల్లో లోటున్న చోట పనికొచ్చే 1,500 వస్తువులను ఎంచుకుంది. తక్కినవాటిలో చాలా భాగం దక్షిణ కొరియాలోని గ్వాంగ్‌జూ ఆసియా సాంస్కృతిక కేంద్రంతో సహా ఇతర సంస్థలకు వెళ్లింది. ఎంపిక హక్కు మొదట స్వదేశానికి ఇవ్వడం ఇక్కడ గమనించదగ్గది. స్వదేశానికీ గోదాములకు పరిమితి ఉంటుందన్న వాస్తవమూ ఇక్కడే తేటపడింది.

వీటికి తోడు రెండు అమ్మకాలను ప్రస్తావించాలి. బఫెలోలోని ఆల్‌బ్రైట్-నాక్స్ గ్యాలరీ ఆధునిక కళ కొనడానికి 2007లో చోళకాలపు శివవిగ్రహంతో సహా ప్రాచీన శిల్పాలను అమ్మింది. ఆర్టెమిస్ కాంస్య విగ్రహం ఒక్కటే 2.86 కోట్ల డాలర్లు తెచ్చింది. 2018లో వర్జీనియాలోని ఒక వేదాంత కళాశాల మిషనరీ పంపిన నిమ్రూద్ ఫలకాన్ని దాదాపు 3.1 కోట్ల డాలర్లకు అమ్మింది. ఇరాక్ అడ్డుచెప్పినా ఆగలేదు. నూట యాభై ఏళ్ల కిందట మిగులుగా పంచిన ఫలకానికి ఇప్పుడు అసాధారణమైన ధర పలికింది.

తులనాత్మక సారాంశం

- ఉచిత అప్పగింత: ప్రజాక్షేత్రం నిలుస్తుంది, మార్కెట్ ప్రమేయం ఉండదు. చిన్న మ్యూజియానికి సంరక్షణ భారం మోసే శక్తి ఉండాలి. బ్రిటన్, నెదర్లాండ్స్ దీన్నే ముందు పెడతాయి.
- మార్పిడి: రెండు సేకరణల్లోని లోట్లు తీరతాయి. విలువ అంచనా తప్పితే ఒక పక్షం నష్టపోతుంది. బెనిన్ ఫలకాలు ఇందుకు హెచ్చరిక.
- అమ్మకం: నిధులు వస్తాయి. కొన్నది మ్యూజియమైతే నష్టం తక్కువ, కాకపోతే వస్తువు కనుమరుగయ్యే ప్రమాదం ఎక్కువ. అమెరికా నియమాలు డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో చెబుతాయి, వస్తువు ఎవరికి వెళ్లాలో అంత గట్టిగా చెప్పవు.
- దీర్ఘకాలిక అరువు: నిర్ణయం తప్పైతే సరిదిద్దుకోవచ్చు. బీమా, పర్యవేక్షణ ఖర్చు ఇచ్చినవారిపైనో తీసుకున్నవారిపైనో పడుతూనే ఉంటుంది. హక్కు మారదు గనక స్వస్థలవాదులకు ఇది చాలదు.
- స్వదేశానికి అప్పగింత: చారిత్రక న్యాయానికి దగ్గరిది. ఏది ఎంచుకోవాలన్న హక్కు తీసుకునేవారిదై ఉండాలని డెల్ఫ్ట్ అనుభవం చెబుతుంది.

కుదిరిన ఏకాభిప్రాయం

వాదాలు ఎంత దూరంగా ఉన్నా కొన్ని విషయాల్లో అందరూ ఒక చోటికి వచ్చారు. బదిలీ అయ్యేది వస్తువు ఒక్కటే కాదు; తవ్వకపు డైరీ, సమాధి సంఖ్య, పాత ఫొటో, దానపత్రం దానితోపాటే వెళ్లాలి. వస్తువు ఎవరినుంచి వచ్చిందో, దాత షరతులేమిటో ముందే తేలాలి. నిర్ణయం ఒక క్యూరేటర్ అభిరుచిపై కాక, రాతపూర్వకమైన కారణాలతో, బయటివారి సమీక్షతో జరగాలి. రోజువారీ ఖర్చులకు సేకరణను అమ్ముకోకూడదు. ఒకే తవ్వకంలో, ఒకే సమాధిలో, ఒకే నిధిలో దొరికినవాటిని వీలైనంతవరకు విడదీయకూడదు.

తేలని ప్రశ్నలు

మొదటిది డూప్లికేట్ అంటే ఏమిటన్నది. అచ్చుపుస్తకాల విషయంలో దీనికి అర్థముంది. చేత్తో చెక్కిన శిల్పానికి అది అతకదు. అమరావతి స్తూపపు వేదిక ఫలకం ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒకవైపు క్రీస్తుకు పూర్వపు శైలిలో బోధివృక్షం కింద ఖాళీ ఆసనాన్ని కొలిచే భక్తులు కనిపిస్తారు. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాతిని తిప్పి, రెండోవైపు సింహాలతో అలంకరించిన స్తూపాన్ని నిండుగా చెక్కారు. స్తూపం బొమ్మలున్న ఫలకాలు అమరావతిలో ఎన్నో ఉన్నాయని దీన్ని పక్కన పెట్టి ఉంటే, బుద్ధుణ్ణి రూపం లేకుండా కొలిచిన కాలానికీ తర్వాతి కాలానికీ మధ్య జరిగిన మార్పును ఒకే రాతిపై చూపే ఆధారం మరుగున పడేది. అలాగే 1898లో పిప్రాహ్వా స్తూపంలో బుద్ధుడి ధాతువులతో పాటు దొరికిన రత్నాల్లో కొన్నింటిని డూప్లికేట్‌లని తవ్వించిన భూస్వామి కుటుంబానికి వదిలారు. 2025లో అవి హాంకాంగ్ వేలానికి వస్తే భారత ప్రభుత్వం అడ్డుకోవలసి వచ్చింది, ఆ ఏడాదే అవి దేశానికి తిరిగొచ్చాయి. ధాతువులతో పాటు భక్తితో సమర్పించిన రత్నాల్లో మిగులు ఉంటుందా అన్న ప్రశ్నకు మ్యూజియం నియమావళులు ఇంకా సమాధానం వెతకాలి.

రెండోది చట్టబద్ధంగా జరిగిన పాత పంపకాల సంగతి. ఈజిప్టు తన చట్టం ప్రకారమే వాటా ఇచ్చింది కాబట్టి తీసుకున్నవారు అమ్ముకోవచ్చునా, లేక ఆ వాటా విద్య కోసమన్న షరతు ఎప్పటికీ వెంట ఉంటుందా? చట్టం మొదటి మాటను సమర్థిస్తే, వృత్తి నైతికత రెండోదాన్ని సమర్థిస్తోంది.

మూడోది ఎవరికి ముందు చెప్పాలన్నది. జాతీయ నియమాలు దేశంలోని ఇతర మ్యూజియంలను ముందు పెడతాయి, స్వస్థలవాదులు పుట్టిన దేశాన్ని ముందు పెడతారు. పుట్టిన దేశం అంటే కేంద్ర ప్రభుత్వమా, రాష్ట్రమా, ఊరా అన్నది మరో చిక్కు. అమరావతి శిల్పాలు ఈ రోజు లండన్, చెన్నై, కోల్‌కతాలతో పాటు స్తూపం పక్కనున్న మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చాలంటే ఆ చోటు ఏదన్న ప్రశ్నకు ఒక్కొక్కరి జవాబు ఒక్కోటి.

నాలుగోది ఖర్చు. గోదాముల భారాన్ని తగ్గించే బదిలీ ఆ భారాన్ని చిన్న మ్యూజియం మీదికి నెట్టకూడదు. ఇచ్చేవారు వస్తువుతో పాటు సంరక్షణకు కొంత నిధి కూడా ఇవ్వాలన్న ప్రతిపాదన ఉంది, కానీ అది ఆనవాయితీ కాలేదు.

ఐదోది డిజిటల్ ప్రతుల పాత్ర. త్రీడీ స్కాన్ ఉంటే అసలు వస్తువును వదులుకోవచ్చని కొందరు, స్కాన్ రాతి లోపలి పొరలనూ రంగు ఆనవాళ్లనూ పట్టలేదని మరికొందరు అంటున్నారు. రేపటి శాస్త్రం ఏ ప్రశ్న అడుగుతుందో నేటి స్కాన్‌కు తెలియదు గనక సంరక్షణవాదుల మాటకు ఇక్కడ బలం ఎక్కువ.

నిర్ణయానికి కొలమానం

ఈ చరిత్ర అంతటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టం. మిగులు అన్నది వస్తువులో ఉండే గుణం కాదు. ఒక మ్యూజియం, ఒక కాలంలో, తన అవసరాలను బట్టి చేసే తీర్పు. ఆ తీర్పు చాలాసార్లు తప్పని తేలింది గనక, తప్పును సరిదిద్దుకోగల మార్గానికే మొదటి ప్రాధాన్యం ఉండాలి. అందుకు మార్గాలను ఈ వరసలో పరిశీలించడం సబబు. మొదట దీర్ఘకాలిక అరువు. హక్కు మార్చక తప్పకపోతే, పుట్టినచోటి వారిని సంప్రదించి, వారికి ఎంపిక అవకాశం ఇచ్చిన తర్వాత మరో మ్యూజియానికి ఉచిత అప్పగింత. మ్యూజియంల మధ్య అమ్మకం ఆ తర్వాతి మాట. వేలం గదికి ఈ వరసలో చోటు లేదు. ఏ మార్గమైనా రికార్డులు వస్తువు వెంటే నడవాలి, నిర్ణయానికి కారణాలు బహిరంగంగా ఉండాలి. ఈ షరతులు పాటించిన బదిలీ గోదాములో మూలుగుతున్న వస్తువుకు చూపరులనూ, చిన్న మ్యూజియానికి చరిత్రనూ ఇస్తుంది. పాటించనిది ఎంత చట్టబద్ధమైనా సేకరణకూ, దాన్ని నమ్మి అప్పగించిన ప్రజలకూ నష్టమే.